గడ్డ చిన్నదే, పురుగు మొండిది

మా బొగ్గు బాయిల దగ్గర సెగగడ్డకు సెలవు పెట్టినవాణ్ణి మగాడి కింద జమకట్టరు. చెయ్యి విరిగితే సెలవు పెట్టవచ్చు. పైకప్పు రాలి నెత్తి పగిలితే పెట్టవచ్చు. గడ్డకు సెలవేమిటి, నవ్విపోతారు. ఇరవై ఏళ్లకు పైగా నేనూ అలా నవ్వినవాళ్లలో ఒకణ్ణి. అలాంటి నేను రోహిణి కార్తెలో లేచిన ఒక్క గడ్డ దెబ్బకు మంచం ఎక్కి, దీపావళి దాటాక గానీ తేరుకోలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఇది రాస్తున్నది సానుభూతి కోసం కాదు. అది గోదావరిఖనిలో నాకు కావలసినంత దొరికింది, ఇంకా ఇంట్లో నిల్వ కూడా ఉంది. నాలాగా గడ్డను చూసి నవ్వేవాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్ల కోసం రాస్తున్నాను.

నా పేరు రాజేశం. భూమి లోపల బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కర్రదుంగలు నిలబెట్టే గ్యాంగులో పని. ఇంట్లో నా భార్య స్వరూప, ఐటిఐ చదువు పూర్తి కావొస్తున్న మా అబ్బాయి శ్రీకాంత్. ఇదంతా తెలంగాణ రావడానికి నాలుగేళ్ల ముందు మాట.

రోహిణి కార్తె

రామగుండం ఎండల సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఆ ఎండల్లో కుడి తొడ మీద, తడిసిన ప్యాంటు ఒరుసుకునే చోట, శనగగింజంత గడ్డ లేచింది. మామిడిపండ్లు తిన్న వేడి అంది స్వరూప. పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసింది. మర్నాటికి అది రేగుపండంత అయింది.

ఇక్కడ మా గ్యాంగు పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో ఒకరు తగ్గితే ఆ రోజుకు బయటి మనిషిని ఎవరినో ఇస్తారు. వాడు మంచివాడే కావచ్చు, కానీ మా పని తీరు వాడికి తెలియదు. దుంగ ఎత్తేటప్పుడు ఎవరు ఎటు జరుగుతారో మాకు చెప్పుకోకుండానే తెలుస్తుంది. కప్పు కింద నిలబడే పనిలో కొత్త చెయ్యంటే అందరికీ భయమే. అందుకని చిన్నాచితకా రోగాలకు ఎవరూ డ్యూటీ ఎగ్గొట్టకూడదని మాలో మాకు ఒక కట్టు. ఆ కట్టు నిలబెట్టింది కొమురయ్య కాక డబ్బా.

కొమురయ్య కాక మా గ్యాంగులో పెద్ద. డిస్పెన్సరీలో ఎవరికి గోళీలు రాసిచ్చినా రెండు మూడు రోజులకే నొప్పి తగ్గుతుంది. మిగిలినవి పారేస్తే పాపం, రోగం లేకుండా మింగితే దండగ. అవన్నీ కాక దగ్గరున్న పాత తంబాకు డబ్బాలో చేరేవి. బట్టలు మార్చుకునే షెడ్డులో, గోడకున్న మేకుకు వేలాడే సంచిలో ఆ డబ్బా ఉండేది. పంటినొప్పి, దగ్గు, గడ్డ, జ్వరం, దేనికైనా అందులో చెయ్యి పెడితే ఒక మందు దొరికేది.

"ఏందిరా రాజేశం, కుంటుతున్నవ్?" అన్నాడు కాక.

"ఏం లేదు కాకా. తొడకు గడ్డ."

"గంతేనా! ఇగో, ఈ ఎర్రది ఇప్పుడేసుకో, ఈ పసుపుది మాపటికేసుకో. ఎల్లుండికి దుంకుతవ్."

వేసుకున్నాను. నిజంగానే తగ్గింది. రెండో రోజు కాక నా చేతిలో ఇంకో రెండు పెట్టాడు. ఆ తరువాత గడ్డ నొప్పి పెట్టలేదు కనుక నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు. వారం తిరక్కుండా గడ్డ మళ్ళీ లేచింది. మళ్ళీ డబ్బా, మళ్ళీ తగ్గుదల. దానికీ నాకూ దోబూచులాట నడుస్తోందని నేను నవ్వుకున్నాను. అది నవ్వడం లేదని నాకు తెలియదు.

మృగశిర

మృగశిర నాడు మా వైపు చేప తినని ఇల్లుండదు. స్వరూప రవ్వ చేపల పులుసు వండి కంచం ముందు పెట్టింది. వాసన తగలగానే నాకు చలి పుట్టింది. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల నేను దుప్పటి కప్పుకుని పళ్లు కొరుకుతున్నాను. గజ్జల్లో బిళ్ళ కట్టింది. తొడ మీద గడ్డ నిమ్మకాయంత అయి, చుట్టూ ఎర్రదనం మోకాలి వైపు దిగుతోంది. తెల్లవారి చూస్తే ఆ ఎరుపు ఇంకొంచెం దిగింది.

మా బొగ్గు కంపెనీ దవాఖానలో ఔట్ పేషెంటు బెంచీ పొడవైనది. దాని మీద కూర్చుంటే ముందుగా రోగం గురించి పక్కవాడికి చెప్పాలి, తరువాతే డాక్టరుకు. నా పక్కన నడుమునొప్పి మనిషి, ఆయన పక్కన ఊపిరందని దమ్ము మనిషి. నాది గడ్డ అని చెబితే ఇద్దరూ నన్ను చిన్నచూపు చూశారు. నా వంతు వచ్చి లేవబోతే కాలు లేవలేదు. ఆ నడుమునొప్పి మనిషే నా చంక కింద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయాడు. తన నడుము సంగతి ఆ కాసేపు మరిచిపోయినట్టున్నాడు.

గడ్డ కోశారు, చీము తీశారు, మంచం ఇచ్చారు, సూదులు మొదలుపెట్టారు. జ్వరం మాత్రం దిగలేదు. మమ్మల్ని చూసే డాక్టరమ్మది రాజమండ్రి వైపు. అప్పుడు ఊళ్ళో ఎక్కడ చూసినా తెలంగాణ మాటే, వార్డులో రోగులు కూడా రెండు మంచాల మధ్య సభ పెట్టేవాళ్లు. ఆమె లోపలికి రాగానే సభ ఆగేది. ఒకరోజు ఆమే నవ్వి, "మాట్లాడుకోండి, నేనేం అనుకోను. మీరు తాగేదీ మేం తాగేదీ గోదావరి నీళ్లే, మాకు కొంచెం ఆలస్యంగా వస్తాయంతే" అంది. ఆ తరువాత ఆమె ఎదుట సభ ఆగలేదు, పైగా ఆమెను కూడా అభిప్రాయం అడిగేవాళ్లు.

నా చీము కొంచెం తీసి పరీక్షకు పంపింది. ఏ పురుగు ఉందో పెంచి చూసి, దాని మీద ఒక్కో మందూ వేసి, ఏ మందుకు చస్తుందో తేల్చే పరీక్ష అట. ఫలితం వచ్చిన పొద్దున ఆమె నా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. డాక్టరు నిలబడి మాట్లాడితే మామూలు రోగం, కూర్చుని మాట్లాడితే పెద్ద రోగం అని అప్పటికే నేను కనిపెట్టాను.

"రాజేశం గారూ, ఈ పురుగు కొత్తదేం కాదండీ. చాలామందికి ముక్కులో, చర్మం మీద ఊరికే ఉంటుంది. ఏమీ చెయ్యదు. చర్మం గీసుకుపోతే లోపలికి దిగి గడ్డ కడుతుంది. మామూలుగా మామూలు మందుకే చస్తుంది. మీ కాల్లో ఉన్న రకం మటుకు చావట్లేదు."

"నా ఒళ్లు మందులకు అలవాటు పడ్డదా మేడం?"

"మీ ఒళ్లు కాదు. పురుగు అలవాటు పడింది."

నేను ఇప్పటికీ ఎవరికి చెప్పినా ముందు ఈ మాటే చెబుతాను. మందులు ఎక్కువ మింగితే మన ఒంటికి పట్టవు అనుకుంటాం. ఒళ్లు అలాగే ఉంటుంది. మారేది లోపలున్న పురుగు. బలహీనమైనవి చచ్చి, మొండివి మిగిలి, ఆ మొండివి పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలు నా తొడతో ఆగవు. నన్ను ముట్టుకున్న చేతి మీద, నేను తుడుచుకున్న తువ్వాల మీద ఎక్కి ఇంకొకరి దగ్గరికి పోతాయి.

ఇంతకుముందు ఏం వాడారని ఆమె అడిగింది. నేను దాచిపెట్టేందుకు ఏముంది, కొమురయ్య కాక డబ్బా గురించి గొప్పగానే చెప్పాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఆ డబ్బా ఒకసారి నేను చూడొచ్చా?" అంది.

ఈ కబురు గ్యాంగులోకి పోయేసరికి ఎలా మారిందో గానీ, మర్నాడు మొదటి షిఫ్టు దిగి కాక ఉతికిన ధోవతి కట్టుకుని, తల దువ్వుకుని, డబ్బా చేతిలో పట్టుకుని వార్డుకు వచ్చాడు. డాక్టరమ్మ మెచ్చుకోవడానికి పిలిచిందని ఆయన నమ్మకం.

"తీస్కో బిడ్డా, నీకు ఏది గావాల్నంటే అది తీస్కో. మా దగ్గర మస్తున్నయ్" అని డబ్బా ఆమె ముందు పెట్టాడు.

ఆమె మూత తీసి ఒక్కొక్కటీ మంచం మీద పెట్టింది. ఎరుపు, పసుపు, తెలుపు. కొన్ని చెమటకు అతుక్కుపోయి ఉండలయ్యాయి. వాటిలో ఒకటి బీపీ గోళీ, ఒకటి బాలింతలకు ఇచ్చే గోళీ. మూడు మాత్రం ఏమిటో ఆమెకే తెలియలేదు. వార్డంతా నవ్వింది. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు.

"ఇందులో చాలావరకు మంచి మందులేనండీ. కానీ జలుబుకూ ఒంటినొప్పులకూ ఇవి పని చెయ్యవు. చిన్న గడ్డకైతే చీము తీస్తే చాలు, చాలాసార్లు మందే అక్కర్లేదు. అవసరమైనప్పుడు సరైన మందు సరిపడా వాడాలి. ఒకటీ రెండూ ఇస్తే పురుగు చావదు, మందు ఎలా ఉంటుందో రుచి చూస్తుంది."

బాయిలో చేరే ప్రతివాడూ కిందికి దిగేముందు ట్రైనింగు సెంటరులో కూర్చోవాలి, ప్రమాదం వస్తే ఎలా తప్పించుకోవాలో అక్కడ నేర్పుతారు. "అంటే మేం ఇన్నేండ్ల సంది పురుగుకు ట్రైనింగు ఇచ్చినమన్నట్టు" అన్నాడు కాక.

"అంతే. బాగా పాసైంది."

అప్పుడు కాక మొహం చూసి నాకే జాలి వేసింది. ఆమెకూ వేసినట్టుంది. "ఈ రకం మీ డబ్బాలోనే పుట్టిందని నేను చెప్పలేనండీ. ఎవరి చేతి నుంచో వచ్చి ఉండొచ్చు. దవాఖానల్లోనూ పట్టుకుంటుంది. కానీ ఈ డబ్బా మాత్రం ఇక వద్దు" అంది. కాక తల ఊపి, గోళీలన్నీ ఆమెకు వదిలేసి లేచాడు. గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చాడు. "గోళీలు ఉంచుకో బిడ్డా. డబ్బా మాత్రం నాకియ్యి, నా తంబాకు డబ్బా అది."

ఆ సాయంత్రం నా మంచాన్ని వార్డు చివరికి మార్చారు. నన్ను ముట్టుకునే ముందు చేతులకు తొడుగులు, ఒంటికి పైన ఒక గౌను. నా వల్ల పక్కవాళ్ల పుండ్లకు పురుగు ఎక్కకూడదని జాగ్రత్త. జాగ్రత్త అని తెలిసినా మనసు ఊరుకోదు. చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి, పండ్లు నర్సు చేతికిచ్చి పోయేవాళ్లు. క్వార్టర్లలో నాకేదో పేరు చెప్పలేని రోగం అని పాకింది. ఎక్స్‌రే చూసి, ఎముక దాకా పోయిందేమో ఇక్కడ తేల్చలేం, హైదరాబాదు పంపుతాం అన్నారు. కాలు తియ్యాల్సి వస్తుందా అని నేను అడగలేదు. స్వరూప అడిగింది. "అంతదాకా రానివ్వకూడదనే పంపుతున్నామమ్మా" అంది డాక్టరమ్మ. అంటే అంతదాకా రావచ్చు. నాకు భయం వేసింది. బాయిలో నా కళ్ల ముందు కప్పు కూలినప్పుడు కూడా అంత భయపడలేదు, అప్పుడు పరుగెత్తడానికి కాళ్లున్నాయి.

ఆరుద్ర

హైదరాబాదు తోవలో రాస్తారోకో. అంబులెన్సు ఆగింది. కిటికీలోంచి జెండాలు, లారీ టైర్ల పొగ కనిపిస్తున్నాయి. ఇక అయిపోయిందనుకున్నాను. ఒక కుర్రవాడు తలుపు తీసి చూసి, "బాయి కార్మికుడన్నా, జరుగుండ్రి, జరుగుండ్రి!" అని కేక వేశాడు. ఎడ్ల బండ్లు, మనుషులు, మోటారు సైకిళ్లు రెండు పక్కలకూ చీలిపోయాయి. ఎవరో స్వరూప ఒళ్ళో నాలుగు నీళ్ల పాకెట్లు పడేశారు. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న మనిషి ఆ పాకెట్లు చూసి ఏడ్చింది.

పెద్ద దవాఖానలో మళ్ళీ కోశారు, ఈసారి లోతుగా. కండలో కొంత భాగం చెడిపోయిందని తీసేశారు. రోజూ ఆ గుంతలో గుడ్డ నింపి, మర్నాడు తీసేవాళ్లు. తీసే ఆ కాసేపు గురించి రాయను. నేను నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి, డ్రెస్సింగు చేసే అన్న వింటూ తన పని తాను చేసుకునేవాడు. ఒకరోజు నేను తిట్టకపోతే, "ఏమన్నా, తబియత్ బాగలేదా?" అని అడిగాడు.

ఈ మొండి పురుగుకు పనిచేసే మందు నరంలోకి బొట్టుబొట్టుగా ఎక్కించాలి. ఒకసారి జల్ది పోయిందేమో, మెడ నుంచి మొహం దాకా ఎర్రబడి దురద పెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి వేగం తగ్గించింది. ఆ తరువాత నేను ఆ సీసాకు కాపలాదారునయ్యాను. తొందర పడే గుణం నాది. నిదానంగా నడిచే మందు కింద పడుకోబెట్టి దేవుడు నాకు బుద్ధి చెప్పాడని స్వరూప అనేది.

రోగుల వెంట వచ్చినవాళ్లకు కింద ఒక హాలు. అక్కడ చాప పరిచే చోటు దొరకడమే గగనం. కాసిపేట నుంచి మనవడి కోసం వచ్చిన ఒక అవ్వ తన చాపలో సగం స్వరూపకు ఇచ్చింది. "బాయి పెండ్లానివా బిడ్డా? నా మొగడు గూడ బాయే. పండు ఈడ" అందట. చేతులు ఎలా కడగాలో కూడా స్వరూప ఆ అవ్వ దగ్గరే నేర్చుకుంది. అవ్వకు ఆ దవాఖానలో అంతా తెలుసు. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద రుద్దిందాకా ఆమె స్వరూపను రోగి దగ్గరికి పోనిచ్చేది కాదు.

ఎముక సంగతి తేల్చడానికి ఒకరోజు పెద్ద స్కానింగు తీశారు. సాయంత్రం సర్జన్ వచ్చి, నిలబడే చెప్పాడు. ఎముకకు అంటలేదు. కాలు దక్కింది. ఆయన కూర్చోలేదు అన్న సంగతి నాకు మొదట తట్టింది, చెప్పిన మాట తరువాత అర్థమైంది.

ఇంటికి పంపుతూ రెండు పనులు చెప్పారు. ఇంకా కొన్ని వారాలు గోళీలు ఉంటాయి, ఒంట్లో ఎంత బాగున్నా ఆఖరుదాకా వేసుకోవాలి. కండ పోయింది కనుక మోకాలు బిగుసుకుంటుంది, రోజూ వంచాలి. వంచకపోతే కాలుంటుంది గానీ కర్రలాగా ఉంటుంది.

శ్రావణం

ఇంటికి వచ్చేసరికి స్వరూప ఇల్లు మార్చేసింది. ముగ్గురికీ మూడు రంగుల తువ్వాలలు. నా బట్టలు వేడినీళ్లలో వేరుగా. ముక్కులో రాసుకునే మందు ముగ్గురికీ ఇచ్చారు. పక్క క్వార్టరు వాళ్లు మా తీగ మీద తువ్వాలలు చూసి, పెద్దింటి వాళ్లయ్యారని నవ్వుకున్నారు. స్వరూప వాళ్లనూ కూర్చోబెట్టి చేతులు కడగడం నేర్పింది. మా ఆవిడ పాఠం మొదలుపెడితే తప్పించుకున్నవాళ్లు లేరు.

అసలు పంచాయితీ అప్పుడు మొదలైంది. స్వరూప అన్న కనకయ్య పెద్దపల్లి దగ్గరి పల్లెలో ఉంటాడు. వ్యవసాయం చేస్తాడు, మంచి మనిషి. నేను మంచంలో ఉన్నన్నాళ్లూ బియ్యం సంచి మోసుకొచ్చినవాడు ఆయనే. బయటివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. మా కంపెనీలో కార్మికుడు ఇక పని చెయ్యలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ కొలువు కొడుక్కు వచ్చే వీలుంటుంది. అందుకని మా ఊళ్ళో అన్‌ఫిట్ అన్న మాటకు అర్థం వేరు. వేరే చోట అది విన్నవాళ్లు దిగులుపడతారు. మా దగ్గర బంధువులు మొక్కుతారు.

కనకయ్య నా మంచం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బావా, దేవుడు ఒక దిక్కు గుంజుకొని ఇంకో దిక్కు ఇచ్చిండు. పిలగాడు చదువైపోయి ఖాళీగ ఉన్నడు. నీకు గా కాలు ఎట్లయినా మునుపటి లెక్క రాదు. బోర్డు చూసేదాక గా వంచుడు బంద్ వెట్టు."

"వంచకుంటే బిగుసుకపోతది బావా."

"బిగుసుకపోతేనే గద! గా గోళీలు గూడ ఎందుకు? కడుపు ఖరాబ్ అయితున్నది, తిన్నది ఇముడుతలేదు. పుండు మానింది. ఆపేస్తే ఏమైతది? బోర్డుకు కొంచెం పుండు కనవడితే నష్టమేంది?"

ఆయన పగవాడై ఆ మాట అనలేదు. చెల్లెలి ఇంట్లో పొయ్యి ఆరకూడదనే అన్నాడు. నేను మాత్రం మంచం మీంచి లేచినంత పని చేశాను. ఏమన్నానో రాస్తే కనకయ్య మళ్ళీ మా గడప తొక్కడు. కోపానికి అసలు కారణం వేరు. ఆ మాట నా మనసులోనూ ఒక మూలన ఉంది. గోళీలు వేసుకుంటే నోరు చేదు, కడుపులో తిప్పు. బాగున్న మనిషి రోజూ రోగిలా మింగడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు. అప్పటిదాకా నొప్పి మింగించింది. నొప్పి పోయాక మింగించేవాడు ఎవరూ లేరు, నేనే మింగాలి.

స్వరూప వైపు చూశాను. "నువ్వేమంటవ్?"

ఆమె తల ఎత్తలేదు. "నన్ను అడగకు. నువ్వు మళ్ళ బాయిలకు దిగుతవంటే నాకు నిద్ర వట్టదు. కొడుకు దిగుతడన్నా పట్టదు. నేనేమనాలె?"

మూడు రోజులు ఇంట్లో మాటలు తక్కువయ్యాయి. నేను గోళీలు మానలేదు, వంచడం మానలేదు. కానీ వంచేటప్పుడు పళ్ల మధ్య తువ్వాల పెట్టుకుని ఒక్కణ్ణే చేసుకునేవాణ్ణి. ఎవరి కోసం చేస్తున్నానో నాకే తెలియని రోజులవి. కొడుక్కు అన్నం పెట్టే దారి నేనే మూస్తున్నానా అని గుండెలో ఒక ముల్లు.

నాలుగో రోజు శ్రీకాంత్ వచ్చి మంచం చివర కూర్చున్నాడు. తువ్వాల నా నోట్లోంచి తీశాడు. నా మడమ పట్టుకుని నెమ్మదిగా వంచడం మొదలుపెట్టాడు. నేను అరిచాను. ఆపలేదు.

"బాపూ, బాయి కొలువంటే నాకేం నామోషీ గాదు. దొరికితే చేస్త. కానీ రోజూ పొద్దుగాల నేను డ్యూటీకి పోతుంటే నువ్వు కుంటుకుంట గేటు దాక వస్తే, నేను ఎట్ల పోవాలె చెప్పు? గట్టిగ వంచు."

ఆ రోజు మోకాలు అంతకు ముందు కంటే కొంచెం ఎక్కువ వంగింది. స్వరూప వంటింట్లోంచి చూసి, నీళ్ల గ్లాసూ ఆ పూట గోళీ తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఆఖరి గోళీ అయ్యేదాకా ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

దసరా, దీపావళి

బతుకమ్మ రోజుల్లో క్వార్టర్ల మధ్య ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, నేను వాళ్ల చుట్టూ ఇంకో పెద్ద చుట్టు నడిచేవాణ్ణి. కొమురయ్య కాక నాతో నడిచేవాడు. ఆయన డబ్బాలో ఇప్పుడు తంబాకు ఒక్కటే ఉంది. గ్యాంగులో ఎవరికైనా గడ్డ లేస్తే ఆయనే చెయ్యి పట్టుకుని డిస్పెన్సరీకి తీసుకుపోతున్నాడు, ఇచ్చినవన్నీ మింగిందాకా రోజూ అడుగుతున్నాడు. "నీ గడ్డ నన్ను కంపౌండర్‌ను జేసింది రాజేశం" అని గొణిగేవాడు.

నడక వచ్చింది. గొంతుక్కూర్చోవడం మాత్రం రాలేదు. బాయిలో సగం పని గొంతుక్కూర్చునే చెయ్యాలి. కూర్చుంటే లేవలేను, గోడో గుంజో కావాలి. రోజూ పొద్దున గుమ్మం పట్టుకుని కూర్చుని లేచేవాణ్ణి. గుమ్మం వదిలితే వెనక్కి పడేవాణ్ణి. అలాగే ఉండగా, దీపావళి దాటాక, కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ముందుకు రమ్మని పిలుపు వచ్చింది.

నలుగురం పోయాం. కనకయ్య కూడా వచ్చాడు. మా గొడవ తరువాత కొన్నాళ్లు మొహం చాటేసి, మళ్ళీ తనే బియ్యం సంచితో వచ్చాడు, నేను మంచినీళ్లిచ్చాను, అంతటితో అయింది. వరండాలో మాలాంటివాళ్లు చాలామంది. ఏళ్ల తరబడి బొగ్గు మింగి ఊపిరి అందనివాళ్లు, వెన్ను విరిగినవాళ్లు. ఒకరిద్దరి కుంటు మాత్రం టీ తాగడానికి పోయేటప్పుడు తగ్గినట్టు అనిపించింది. "మెల్లగ నడువయ్యా, చూస్తున్నరు" అని ఒకామె మొగుణ్ణి గదిమింది.

నా పేరు పిలిచారు. కనకయ్య ఎక్కడ సంపాదించాడో, ఒక చేతికర్ర నా చేతిలో పెట్టాడు. "పట్టుకో బావా. తప్పేం లేదు, ఆసరాకు."

నేను కర్ర ఆయనకే ఇచ్చి లోపలికి పోయాను.

బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. తొడ మీద గుంత చూశారు, వేలితో నొక్కారు, నడవమన్నారు. నడిచాను. మధ్యలో ఉన్న పెద్దాయన కళ్లద్దాలు తీశాడు.

"గొంతుక్కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా లేవగలరా?"

కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, చుట్టూ గోడ లేదు, గుమ్మం లేదు, బల్ల చేతికందేంత దూరంలో ఉన్నా ముట్టుకోకూడదు. తొడ వణికింది. లేవబోతే సగంలో ఆగింది. వాళ్లు ముగ్గురూ చూస్తున్నారు. "పోనీలెండి, కష్టమైతే వద్దు" అన్నాడు పెద్దాయన దయగానే. ఆ దయ అందుకుంటే చాలు, కింద పడితే చాలు, అంతా అయిపోతుంది, బయట ఉన్న కొడుక్కు కొలువు, నాకు మంచం. నాకు వినిపించింది మాత్రం శ్రీకాంత్ గొంతు, గట్టిగ వంచు అని. పళ్లు కొరికి లేచాను. లేచి నిలబడ్డాక, అడక్కుండానే ఇంకోసారి కూర్చుని లేచాను. అది అవసరం లేదు. కానీ నా స్వభావం అంతే.

"ఇక్కడికి వచ్చి ఇంత కష్టపడి లేచినవాణ్ణి నేను చూడలేదయ్యా" అన్నాడు ఆయన. "ఫిట్ అని రాస్తున్నాను. కొన్నాళ్లు పైన తేలిక పని, తరువాత కింద. సరేనా?"

"సరే సార్" అన్నాను.

బయటికి వస్తే నా తరువాతి వంతు మనిషి ఆత్రంగా ఎదురొచ్చాడు. "ఏమైందే అన్నా?"

"ఫిట్."

అతని మొహం వాడిపోయింది. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అయ్యో! రంది వెట్టుకోకన్నా. ధైర్యం ఇడువకు. ఇంకోసారి దరఖాస్తు పెట్టుకో, అయితది."

స్వరూప ఆ మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగుతున్నాయి, నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. శ్రీకాంత్ కూడా నవ్వాడు. ఆ మనిషి వాళ్లను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, పాపం దుఃఖంతో మతి చలించిందనుకున్నాడేమో, మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. కనకయ్య మాత్రం నవ్వలేదు. బస్టాండు దూరం, ఆటో పిలుద్దామా అని అడిగాడు. వద్దు, నడుద్దాం అన్నాను. నేను ముందు నడిచాను, ఆయన చేతికర్ర మోసుకుంటూ నా వెనక వచ్చాడు.